ముఖం కడుక్కుంటూ తూలిపోతున్నారు... ఏ వ్యాయామం చేయించాలి?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. ఇరవై ఏళ్లు తాగి, అయిదు నెలల కిందట మానేశారు. మద్యం వల్ల కాళ్ల నరాలు దెబ్బతిన్నాయని డాక్టరు చెప్పారు. అరికాళ్లు మొద్దుబారి, చెప్పు జారిపోయినా తెలియడం లేదు. ముఖానికి సబ్బు రాసుకుంటూ బాత్‌రూంలో రెండుసార్లు పడ్డారు. మంచం మీద పడుకుని రోజూ కాళ్లెత్తే వ్యాయామం చేస్తున్నా తూలడం తగ్గలేదు. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, తణుకు

జవాబు: సబ్బు రాసుకుంటూ పడ్డారన్న మాటలోనే అసలు సంగతి ఉందమ్మా. ఒంటి బరువు ఎటు వాలుతోందో అరికాళ్ల నుంచి, చీలమండల నుంచి నరాలు మెదడుకు కబురు పంపుతుంటాయి. మద్యం, దాంతోపాటు వచ్చే బి1 విటమిన్ లోపం ముందుగా పొడవాటి నరాల చివర్లను దెబ్బతీస్తాయి. కబురు అందని మనిషి కళ్లతో చూసుకుని నెట్టుకొస్తాడు. సబ్బుకు కళ్లు మూసుకుంటే ఆ ఆసరా కూడా పోతుంది.

పడుకుని కాళ్లెత్తితే తొడలకు బలం వస్తుంది. తూలినప్పుడు నిలదొక్కుకోవడం మాత్రం నిలబడి చేస్తేనే అలవడుతుంది. వంటగట్టుకు ఎదురుగా, వెనక గట్టి కుర్చీ వేసి, బూట్లు తొడిగి చేయించండి. పక్కన ఒకరు ఉండాలి.

ముందు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, పదిసార్లు. పాదాలు కాస్త వెనక్కి పెట్టి, ముందుకు వంగి లేవాలి. కూర్చునేటప్పుడు దబ్బున కూలబడకుండా మూడు లెక్కపెడుతూ దిగాలి. తర్వాత గట్టు పట్టుకుని మడమలెత్తడం పదిసార్లు, మునివేళ్లెత్తడం పదిసార్లు. ఈ రెండోదాన్ని వదలొద్దు. మునివేళ్లు లేవకే కాలు గడపకు తగులుతుంది.

ఆ తర్వాత అసలైన సాధన. పాదాలు రెండూ దగ్గరగా పెట్టి పది సెకన్లు నిలబడాలి. అది కుదిరాక ఒక పాదం సగం ముందుకు, ఆపైన ఒక మడమ రెండో కాలి వేళ్లకు ఆనేలా వరసగా. మెల్లగా 30 సెకన్లకు పెంచాలి. చాలామంది గట్టును గట్టిగా పట్టుకుంటారు. అప్పుడు పనంతా చేతులదే, చీలమండలకు ఏమీ మిగలదు. రెండు చేతుల నుంచి ఒక చేతికి, తర్వాత రెండు వేళ్లకు పట్టు తగ్గించండి. కాస్త తడబడి సర్దుకుంటుంటే సరిగ్గా చేస్తున్నట్టే. కళ్లు మూసి చేసేవి ఫిజియోథెరపిస్టు దగ్గరే. చివరగా గట్టు వెంబడి పక్కకు అడుగులు వేయించండి.

వారానికి మూడు రోజులు, అరగంట చొప్పున నెలల తరబడి సాగాలి. న్యూజీలాండ్‌లో పెద్దవాళ్లు పడకుండా రూపొందించిన ఒటాగో పద్ధతిలోనూ లెక్క ఇంచుమించు ఇదే. మొద్దుబారడం పూర్తిగా పోకపోయినా నిలకడ మెరుగుపడుతుంది.

కళ్లు తెరిచి ఉన్నా తూలుతూ, కాళ్లు ఎడంగా వేసి నడుస్తుంటే చిన్నమెదడు కూడా దెబ్బతిని ఉండొచ్చు. డాక్టరుకు చెప్పండి. లేవగానే కళ్లు తిరుగుతుంటే పడుకున్నప్పుడు, నిలబడ్డాక బీపీ చూపించండి.

ఈలోగా ముఖం స్టూలు మీద కూర్చునే కడుక్కోమనండి. హవాయి చెప్పులు మానిపించి వెనక పట్టీ ఉన్నవి కొనండి. స్నానం నీళ్ల వేడి మీరే చూడండి, అరికాళ్లలో పుండ్లున్నాయేమో రోజూ గమనించండి. బి1 మాత్రలు డాక్టరు చెప్పినన్నాళ్లు వాడాలి. ఒకవేళ మళ్లీ రోజూ తాగడం మొదలైతే ఇంట్లో ఒక్కసారిగా ఆపించొద్దు, ఫిట్స్ రావచ్చు. పడినప్పుడు తలకు దెబ్బ తగిలి ఉంటే, వారాల తర్వాతైనా సరే, తలనొప్పి, మగత, మాట తడబాటు కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.