జనమున్న కొట్టుకు వెళ్ళే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామ ఆశీర్వదించి వ్రాయునది.

కర్నూలులో అందరం క్షేమం. మొన్న ఆదివారం నువ్వు డల్లాస్‌లో చైనా వాళ్ళ కిరాణా కొట్టుకు వెళ్ళి, లోపల బండికి బండి తగులుతున్న రద్దీ చూసి ఏమీ కొనకుండానే తిరిగి వచ్చేశావని మీ అమ్మ చెప్పింది. పాతబస్తీలో ముప్పై ఏళ్ళు కొట్టు నడిపినవాణ్ణి, ఆ తరువాత మా అబ్బాయి దగ్గర రెండు చలికాలాలు ఉండి అటువంటి కొట్లలోనే సంచులు మోసినవాణ్ణి కనుక చెబుతున్నాను: నువ్వు భయపడవలసింది జనమున్న కొట్టుకు కాదు, జనం లేని కొట్టుకు. సరుకు కదలని చోట ముందు ఆకుకూర వాడుతుంది, ఆ తరువాత పిండికి పురుగు పడుతుంది, చివరికి కొట్టువాడు పాతదాన్నే ముందు వరుసలో పేర్చడం నేర్చుకుంటాడు; కొట్టు పెట్టిన కొత్తలో నేనూ ఆ పని చేసినవాణ్ణే.

అయితే వేళ చూసుకోవాలి. మన సి.క్యాంపు రైతుబజారుకు పొద్దున్నే వెళ్ళినట్టే, శని ఆదివారాలలో తలుపు తీసిన మొదటి గంటలోనే లోపల ఉండు. చైనా, వియత్నాం వాళ్ళ కొత్త సంవత్సరం జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వస్తుంది. దానికి ముందు వారం మాత్రం మన సంక్రాంతి ముందు బజారు వంటిదే, అప్పటికి అవసరమైనవి ముందే తెచ్చిపెట్టుకో. లోపలికి వెళ్ళాక బండిని ప్రతి సందులోకీ తోసుకుపోకుండా ఒక మూల నిలిపి, చేతిసంచి మాత్రం నీ దగ్గరే ఉంచుకొని, సరుకు తెచ్చి బండిలో వేసుకుంటే సగం తోపులాట తప్పుతుంది. కూరగాయలు ముందు, చలిపెట్టెలోనివి చివర.

కూరగాయల దగ్గర పేరును నమ్మవద్దు, కాయను నమ్ము. మన బీరకాయకు అక్కడ ‘చైనీస్ ఓక్రా’ అని పేరు పెట్టి ఉంటారు, ఓక్రా అంటే బెండకాయే గాని బీరకూ దానికీ ఏ చుట్టరికమూ లేదు. బూడిదగుమ్మడి, చామదుంప, అలసందకాయలు, బచ్చలి అన్నీ దొరుకుతాయి. కాకర మాత్రం లేత ఆకుపచ్చగా, నున్నని గట్లతో ఉంటుంది. చేదు తక్కువ, నీరు ఎక్కువ కాబట్టి బుడ్డల (వేరుసెనగల) పొడి కూరితే అది నిలవదు, ఆ కూరకు మన దేశపు ముళ్ళ కాకరే వెతుక్కో. ధర కింద పౌండుకా, ఒక్కొక్క కాయకా అన్నది కూడా చూడు. పౌండు అంటే సుమారు 454 గ్రాములు, అరకిలో కన్నా తక్కువ.

బియ్యం విషయంలో నేనే మోసపోయాను, ఎవరూ మోసం చేయలేదు. మొదటి వారంలోనే, కేసీ కాలువ కింద పండే సోనా బియ్యాన్ని చేతిలో వేసుకొని పాతవో కొత్తవో చెప్పగలిగినవాణ్ణన్న ధీమాతో, ‘స్వీట్ రైస్’ అని ఉన్న 20 పౌండ్ల సంచి భుజాన వేసుకొని ఇంటికి తెచ్చాను. అన్నం బంకలా గరిటెకు అంటుకుపోయింది. కోడలు ఏమీ అనకుండా దానినే ముద్దలు చేసి పప్పుతో పెట్టింది, అదే ఎక్కువ సిగ్గు అనిపించింది. తరువాత సంచికున్న పారదర్శకపు భాగంలోంచి చూస్తే గింజలు సుద్దముక్కల్లా తెల్లగా ఉన్నాయి. మామూలు బియ్యపు గింజలోంచి వెలుతురు కొంచెం కనబడుతుంది, ‘స్వీట్ రైస్’ అనే ఈ బంక బియ్యంలో కనబడదు. కొనే ముందు ఆ సంచిని దీపం వైపు తిప్పి చూడు.

సీసాలు, పొట్లాల మీద తేదీలను తొందరపడి చదవవద్దు. అమెరికా సరుకు మీద నెల ముందు, రోజు తరువాత. చైనా, జపాన్ సరుకు మీద సాధారణంగా సంవత్సరం ముందు. మన దేశపు పొట్లం మీద రోజు ముందు. 05/08 అంటే మే ఎనిమిదా, ఆగస్టు ఐదా అన్నది పొట్లం ఎక్కడిదో చూస్తే గాని తేలదు. నువ్వు శనివారం నీసు ముట్టవు కనుక మరొక మాట: కిమ్చీ అంటే క్యాబేజీ ఊరగాయే, కానీ చాలా వాటిలో చేపల రసమో ఉప్పులో ఊరిన రొయ్యలో కలుస్తాయి. వెనక అచ్చు చదివి తీసుకో. చేపలు కావలసిన రోజున ముందు ఆ విభాగంలో నంబరు చీటీ ఉందేమో చూసి తీసుకొని, కూరగాయలు ఏరుకుంటూ నీ నంబరు కోసం చెవి పెట్టుకొని ఉండు; ఉత్త చేతులతో గాజుతొట్టి ముందు నిలబడితే నీ తరువాత వచ్చినవాళ్ళు కొనుక్కొని వెళ్ళిపోతారు.

వచ్చే నెల నీ దగ్గరకు వస్తూ మీ అమ్మ పది కిలోల సోనా బియ్యం, పెరటి కరివేపాకు పెట్టెలో పెడతానంటోంది. నేను చెబితే వినదు, నువ్వు చెప్పు. బియ్యంతో ఖాప్రా అనే పెంకుపురుగు, కరివేపాకుతో నిమ్మజాతి చెట్లకు తెగులు తెచ్చే పురుగు వస్తాయని అక్కడి విమానాశ్రయంలో రెండింటినీ తీసి పారేస్తారు. బుడ్డల పొడి మాత్రం గట్టిగా మూసిన పొట్లంలో కట్టి, అడగకముందే అక్కడి అధికారులకు చెప్పి చూపించమను.

ఇట్లు
మీ మామ