ఏ లెన్సన్నది తర్వాత.. ముందు ఆ చుక్కల సీసా సంగతి చూడండి

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యారు. రెండు కళ్లకూ శుక్లాలు ఉన్నాయని, ముందు కుడి కంటికి ఆపరేషన్ చేయించుకోమని చెప్పారు. ఆసుపత్రిలో నాలుగు రకాల లెన్సులు చూపించారు. ఇండియన్ లెన్సుకీ ఫారిన్ లెన్సుకీ ధరలో అంత తేడా ఎందుకు? ‘ప్రీలోడెడ్’ అంటే ఏమిటి? మల్టీఫోకల్ వేయిస్తే ఇక కళ్లజోడే అక్కర్లేదంటున్నారు, నిజమేనా? వేసిన లెన్సు ఎన్నేళ్లు పనిచేస్తుంది? ఎండలు పోయాక కార్తీక మాసంలో చేయిద్దామని అమ్మ అంటోంది, ఆగొచ్చా? నాన్నకు పదేళ్లుగా షుగర్ ఉంది. మూత్రం ఇబ్బందికి టామ్సులోసిన్ మాత్ర వాడుతున్నారు. కళ్లు ఎర్రబడుతుంటే మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కలు ఏడాదిగా వేసుకుంటున్నారు. వాటితో హాయిగానే ఉందంటారు.
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: లెన్సు గురించి, ఆపరేషన్ గురించి ఐదు ప్రశ్నలు అడిగారు. నన్ను టెన్షన్ పెట్టింది మాత్రం మీరు ప్రశ్నగా కూడా అడగని ఆఖరి రెండు వాక్యాలు. ఏడాదిగా చుక్కలు, అదీ మెడికల్ షాపులో ఇచ్చినవి. అందులో ఏ మందుందో మీరు రాయలేదు. బహుశా మీకూ తెలియదు. ఓపీ మధ్యలో రాస్తున్నాను కాబట్టి ముందు దీని గురించే చెప్తాను.

సీసా చూడనిదే అది ఫలానా మందని నేను అనలేను. కానీ ఎర్రటి కంటికి వేయగానే ‘హాయిగా’ అనిపించే చుక్కల్లో చాలా వాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. లేబుల్ మీద డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటి పేరు కనిపిస్తే అదే. ఒక్కోసారి యాంటీబయాటిక్ పేరు ముందు పెద్దగా ఉండి, ఇది దాని వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. మేమూ ఇవి రాస్తాం. ఆపరేషన్ తర్వాత తప్పనిసరిగా రాస్తాం. అయితే వారాల లెక్కన రాసి, తగ్గించుకుంటూ వచ్చి ఆపేస్తాం. మామూలు ఎరుపుకు ఏడాది పొడవునా ఎవరూ రాయరు.

ఎందుకంటే కంట్లో తయారయ్యే నీరు బయటికి పోయే సన్నటి జల్లెడను స్టెరాయిడ్ మెల్లగా మూసేస్తుంది. దాంతో కంటి ప్రెషర్ పెరుగుతుంది. మామూలుగా ఇది 10 నుంచి 21 మి.మీ. (పాదరసం లెక్కలో) మధ్య ఉండాలి. ఈ చుక్కలు వారాల తరబడి వేసుకుంటే సుమారు మూడో వంతు మందిలో ఎంతో కొంత పెరుగుతుంది, కొద్దిమందిలో బాగా పెరిగిపోతుంది. నొప్పి ఉండదు. కంటి నరం చచ్చుబడుతుంటే చూపు పక్కల నుంచి పోతూ వస్తుంది కాబట్టి ఎదురుగా ఉన్నది చివరిదాకా కనిపిస్తూనే ఉంటుంది. అందుకే మనిషికి అనుమానం రాదు. దీన్నే నీటికాసులు (గ్లకోమా) అంటారు. శుక్లం తీసి ఎంత ఖరీదైన లెన్సు వేసినా పోయిన నరం తిరిగి రాదు. కొత్త టీవీ తెచ్చి గోడకు బిగించాక కేబుల్ తెగిపోయిందని తెలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. పైగా స్టెరాయిడ్ తనంతట తానే శుక్లాన్ని తెప్పిస్తుంది, ఉన్నదాన్ని తొందరగా ముదరబెడుతుంది. మీ నాన్నగారి శుక్లంలో ఈ సీసా వాటా ఎంతో నేను చెప్పలేను. వయసూ షుగరూ ఎలాగూ ఉన్నాయి. కొలిమి దగ్గర ఏళ్ల తరబడి పనిచేసి ఉంటే ఆ వేడీ ఒక కారణమే.

స్టెరాయిడ్ కాకుండా ఎరుపు తగ్గించే రకం చుక్కలైతే ఇంత ప్రమాదం లేదు గానీ వాటిదీ ఒక పేచీ. అవి రక్తనాళాలను కాసేపు ముడుస్తాయి, మందు దిగగానే కన్ను ఇంకా ఎర్రబడుతుంది, మళ్లీ వేయాలనిపిస్తుంది. ఇక అసలు ఎరుపు ఎందుకొచ్చిందో ఎవరైనా చూశారా? దుమ్ము, సముద్రపు గాలి, ఎండ ఉన్న మన ఊళ్లో కన్ను పొడిబారడం, తెల్లగుడ్డు మీద కండ పెరగడం మామూలే. లోపలి వాపు వల్ల ఎర్రబడితే అది వేరే కథ. అందుకే ‘రేపటి నుంచి ఆపేయండి’ అని ఇక్కడి నుంచి చెప్పడం లేదు. కొన్ని వాపుల్లో హఠాత్తుగా ఆపితే తిరగబెడుతుంది. ఒకటి రెండు రోజుల్లో కంటి డాక్టర్‌కు చూపించి, ఆయన చెప్పినట్టు ఆపండి. ఈలోగా కంటి నొప్పి, వాంతులు, చూపు ఒక్కసారిగా మసకేయడం లాంటివి ఉంటే ఆ రాత్రికే ఆసుపత్రికి వెళ్లాలి. మన విశాఖలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, ప్రైవేటువీ ఉన్నాయి. ఎక్కడైనా సరే, ప్రెషర్ చూడటానికి నిమిషాలు చాలు.

సరే, లెన్సు. మన సొంత లెన్సు ఒక పలచని సంచిలో ఉంటుంది. ఆ సంచి ముందు గోడలో ఐదు మిల్లీమీటర్ల పైచిలుకు గుండ్రటి కిటికీ తెరిచి, మసకబారిన లెన్సును అల్ట్రాసౌండ్ సూదితో ముక్కలు చేసి పీల్చేస్తాం. అందరూ దీన్ని లేజర్ ఆపరేషన్ అంటుంటారు గానీ మామూలు ఫేకోలో, అంటే ఈ అల్ట్రాసౌండ్ పద్ధతిలో, లేజర్ ఉండదు. ఖాళీ అయిన సంచిలో కొత్త లెన్సు కూర్చుంటుంది. మధ్యలో చూపునిచ్చే బిళ్ల 6 మిల్లీమీటర్లు. దానికి రెండు పక్కలా వంకీ తిరిగిన చేతులు, వాటితో కలిపి 12 నుంచి 13 మిల్లీమీటర్లు. ఆ చేతులు సంచి గోడలకు ఆనుకుని బిళ్లను నడిమధ్యన నిలబెడతాయి. ఇంత లెన్సు రెండున్నర మిల్లీమీటర్ల గాటులోంచి ఎలా వెళ్తుందంటే, కిళ్లీ చుట్టినట్టు చుట్టుకుని ఒక సన్నటి గొట్టంలోంచి లోపలికి జారి, అక్కడ తనంతట తానే విప్పుకుంటుంది.

ప్రీలోడెడ్ అంటే ఫ్యాక్టరీలోనే ఇంజెక్టర్‌లో అమర్చి వచ్చిన లెన్సు. లేకపోతే థియేటర్‌లో డబ్బా విప్పి, చిమటాతో పట్టుకుని, జెల్లీ వేసి మేమే గొట్టంలో పెట్టుకుంటాం. ప్రీలోడెడ్‌లో చేతులు మారడం తక్కువ, గీత పడే అవకాశం, క్రిములు చేరే అవకాశం తక్కువ. మంచిదే. కానీ అది లెన్సును లోపలికి చేర్చే పద్ధతి, దానివల్ల చూపు ఎక్కువ రాదు. చేయి తిరిగిన టీమ్ చేత్తో అమర్చినా అంతే బాగా వస్తుంది.

ఇండియనా, ఫారినా అన్నది సరైన ప్రశ్న కాదు. మదురైలోని ఆరోల్యాబ్ 1992 నుంచి లెన్సులు తయారుచేస్తోంది, అవి విదేశాలకూ వెళ్తున్నాయి. మీరు అడగాల్సింది మెటీరియల్ ఏమిటి, అంచు ఎలా ఉంది అని. ఇప్పుడు ఎక్కువగా వేసేది మడతపడే యాక్రిలిక్. బిళ్ల వెనక అంచు నున్నగా గుండ్రంగా కాకుండా చెక్కినట్టు నిటారుగా ఉంటే, సంచిలో మిగిలిన కణాలు దాని వెనక్కి పాకడం తగ్గుతుంది. ఆ పాకడమే కొన్నాళ్లకు ‘మళ్లీ పొర వచ్చింది’ అనిపించేది. లెన్సు పాడైపోయి కాదు. యాగ్ లేజర్‌తో కొన్ని నిమిషాల్లో ఆ పొరలో దారి చేస్తారు. లెన్సు మాత్రం జీవితాంతం ఉండటానికే వేస్తాం, మార్చాల్సిన అవసరం అరుదుగా వస్తుంది. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ మొదటిసారి లెన్సు పెట్టింది కూడా ఈ ధైర్యంతోనే. యుద్ధంలో విమానం ప్లాస్టిక్ అద్దం ముక్కలు గుచ్చుకున్న పైలట్ల కళ్లు ఆ ప్లాస్టిక్‌ను పెద్దగా పేచీ లేకుండా భరించడం ఆయన గమనించారు. అంతకు ముందువాళ్లకు, మన దగ్గరైతే మా తాతయ్య కాలం వాళ్లకు కూడా, సోడాబుడ్డి అద్దాలే గతి.

ధరల గురించి నేను రాయను. డబ్బా మీద ఎమ్మార్పీ ఉంటుంది, చూపించమని అడగండి. ఆపరేషన్ అయ్యాక లెన్సు పేరు, పవర్ ఉన్న స్టిక్కర్ డిశ్చార్జ్ కాగితం మీద అంటించారో లేదో చూసుకోండి.

మల్టీఫోకల్ విషయంలో కాస్త ఆగండి. అది లోపలికొచ్చే వెలుతురును దూరానికి కొంత, దగ్గరకు కొంత పంచుతుంది. ఆరోగ్యంగా ఉన్న కంటికి పర్వాలేదు. కొందరికి రాత్రిపూట లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తాయి, చాలామంది అలవాటుపడతారు. షుగర్ వల్ల రెటీనా (కంటి వెనక పొర) దెబ్బతిన్నా, ప్రెషర్ వల్ల నరం దెబ్బతిన్నా, అసలే తగ్గిన వెలుతురును ఇంకా పంచడం అవుతుంది. అలాంటప్పుడు ఒకే దూరానికి చూపునిచ్చే మామూలు మోనోఫోకల్ వేసి, చదవడానికి కళ్లజోడు ఇవ్వడమే సాధారణంగా మేలు. ‘కళ్లజోడే అక్కర్లేదు’ అని ఎవరూ పూచీ పడలేరు. మీ నాన్నగారి రెటీనా, నరం చూడకుండా నేను ఇదీ అదీ అని తేల్చి చెప్పడం సరికాదు.

లెన్సు పవర్ కొలతకూ ఆ ఎరుపుకూ సంబంధం ఉంది. నల్లగుడ్డు వంపును, కంటి పొడవును కొలిచి పవర్ లెక్క కడతాం. పొడవులో ఒక్క మిల్లీమీటర్ తేడా వస్తే పవర్ రెండున్నర నుంచి మూడు దాకా తప్పుతుంది. పొడిబారిన కన్ను, కండ పెరిగిన కన్ను వంపు కొలతను చెడగొడతాయి. అందుకే ముందు కంటి పైభాగాన్ని చక్కబెట్టి తర్వాత కొలవమంటాను. ఇప్పటికే కొలిచేసి ఉంటే మళ్లీ కొలవాలా అని మీ సర్జన్‌నే అడగండి.

టామ్సులోసిన్ గురించి రాసినందుకు థ్యాంక్స్, చాలామంది ఇది చెప్పరు. ఆ మాత్ర వాడేవాళ్లలో ఆపరేషన్ మధ్యలో కనుపాప చుట్టూ ఉండే తెర వదులుగా రెపరెపలాడి, కనుపాప ముడుచుకుపోవచ్చు. ముందే తెలిస్తే సర్జన్ తగిన జాగ్రత్తలు తీసుకుంటారు. మీ అంతట మీరు మాత్ర ఆపొద్దు. ఆపినా ఈ ఇబ్బంది పూర్తిగా పోదు, పైగా మూత్రం బిగిస్తే అదొక తలనొప్పి.

ఇక కార్తీక మాసం. ఎండాకాలంలో ఆపరేషన్ కూడదన్నది పాతకాలం మాట. ఇప్పటి చిన్న గాటు పద్ధతికి రుతువులతో పనిలేదు. అయినా శుక్లం మరీ ముదరకపోతే, షుగర్ అదుపులోకి తెచ్చుకోవడానికి కొన్ని వారాలు ఆగినా తప్పేం లేదు. అమ్మగారి మాట అక్కడ నిలబెట్టొచ్చు. ప్రెషర్ పరీక్షకు మాత్రం అంతదాకా ఆగొద్దు, ముందు చెప్పినట్టు ఒకటి రెండు రోజుల్లోనే చూపించండి.

వెళ్లేటప్పుడు షుగర్ రిపోర్టు, వాడుతున్న మాత్రల చీటీ, లెన్సుల గురించి ఆసుపత్రి వాళ్లిచ్చిన కాగితం పట్టుకెళ్లండి. ఆ చుక్కల సీసా కూడా. నేనిలా రాశానని కోపమొచ్చి చెత్తబుట్టలో పడేయకండి. లేబుల్ చిరిగినా, మూత తీసి నెల దాటినా, జేబులో పెట్టుకుని తీసుకెళ్లండి. అక్కడ డాక్టర్ ముందు చదవాల్సింది దాన్నే.