ఎక్స్‌ప్రెషనిస్టు మానవాకృతి చిత్రానికి నకలు వేస్తూ చిత్రకళ నేర్చుకోవచ్చా?

ఒంగోలులో గురువు దొరకని తాను, లోపలి భావాన్ని చూపడానికి ఆకారాలను, రంగులను కావాలనే వంకర తిప్పే ఇలాంటి ఎక్స్‌ప్రెషనిస్టు చిత్రానికి నకలు వేస్తూ సాధన చేస్తే ఫలితం ఉంటుందా అని ఒక పాఠకుడు అడిగారు. తప్పక ఉంటుంది, అయితే గీతను అనుకరించడంతో ఆగకుండా, అది అలా ఎందుకు వంకర పోయిందో వెతకాలి.

1905లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో ‘బ్రూకె’ అనే చిత్రకారుల బృందాన్ని స్థాపించినవారిలో ఒకరైన జర్మన్ చిత్రకారుడు కిర్ష్‌నర్, 1915లో తనను సైనికుడిగా చిత్రించుకున్నారు. అందులో ఆయన కుడి చెయ్యి మణికట్టు దగ్గర తెగిపోయి ఉంటుంది. నిజానికి ఆయన చేతికి ఏమీ కాలేదు. యుద్ధం తనలోని చిత్రకారుణ్ణి హరిస్తుందన్న భయమే ఆ రూపం దాల్చిందని చాలామంది విమర్శకుల అభిప్రాయం. ఈ సంగతి తెలియకుండా నకలు వేసేవారు ఆ చేతిని శరీరనిర్మాణంలో దొర్లిన పొరపాటుగా భావించి సరిదిద్దబోతారు, దానితో చిత్రం ప్రాణమే పోతుంది.

ముందుగా కళ్లు సగం మూసి చూస్తూ, బొగ్గుతో వెలుగు, నీడ, నడిమి ఛాయ అనే మూడు భాగాలను మాత్రమే గుర్తించండి. కిర్ష్‌నర్ మూలచిత్రం సుమారు 69 × 61 సెంటీమీటర్లు ఉంటుంది కనుక చిన్న కాగితం వద్దు. ఆ కుంచె విసురు భుజం నుంచి రావాలి. రోహిణి కార్తె ఎండల్లో అక్రిలిక్ రంగులు పళ్లెంలోనే గట్టిపడతాయి, కాబట్టి అడుగున తడిగుడ్డ పరచుకోండి.

నకలు పూర్తయ్యాక దానిని పక్కన పెట్టి, కొత్తపట్నం తీరంలో వల లాగే మనిషిని అదే ధైర్యంతో వేయండి.