తాళం బలం కాయిల్‌లో కాదు, ముఖంలో ఉంది

కరెంటు పారినంతసేపు అయస్కాంతమై తలుపును పట్టి ఉంచే విద్యుదయస్కాంత తాళాలను ఎలా తయారుచేస్తారని, కాయిల్ చుట్లు పెంచితే బలం పెరుగుతుందా అని అడిగారు. ఆ తాళాల తయారీలో గ్రైండింగ్, పరీక్ష విభాగాల్లో కొన్నేళ్లు పనిచేసిన నా అభిప్రాయం ఇది: చుట్ల లెక్క ఎవరైనా సరిగ్గానే వేస్తారు, తాళం గట్టిదా కాదా అన్నది తేలేది దాని ముఖం చదును దగ్గరే.

ఉక్కు రేకులను ఇంగ్లిషు 'ఈ' అక్షరం ఆకారంలో కోసి, దొంతరగా పేర్చి కోర్ తయారుచేస్తారు. రాగి తీగ చుట్టిన కాయిల్‌ను దాని గాడుల్లో కూర్చోబెట్టి, బుడగలు మిగలకుండా ఎపాక్సీ పోస్తారు. అది గట్టిపడ్డాక, తలుపుకు బిగించే ఆర్మేచర్ అనే ఉక్కు పలక అతుక్కునే ముఖాన్ని గ్రైండింగ్ చేస్తారు.

ఒకసారి 280 కిలోలు పట్టాల్సిన తాళాలు లాగుడు పరీక్షలో 200 కిలోలైనా దాటకుండానే వరుసగా విడిపోయాయి. అందరూ కాయిల్‌నే అనుమానించారు గానీ, 12 వోల్టులకు అర ఆంపియరు తీసుకునే ఆ కాయిల్ నిరోధం మీటరులో సరిగ్గా 24 ఓములే చూపింది. సమతల బల్లకు నీలిరంగు పూసి తాళం ముఖాన్ని దానిపై రుద్ది చూస్తే, రంగు అంచులకే అంటింది, నడుమ ఉక్కు తెల్లగా మెరుస్తూ ఉండిపోయింది. పని త్వరగా ముగించాలని ఒక్కో విడతకు ఎక్కువ లోతు కోయడంతో ముఖం వేడెక్కి పైకి ఉబ్బింది. ఉబ్బినంత మేరా గ్రైండింగ్ రాయి అరగదీసింది. చల్లారాక అక్కడే గుంట పడింది. ఆ గుంటలో నిలిచేది వెంట్రుక మందమైనా లేని గాలి పొరే, అయినా అయస్కాంత ప్రవాహానికి ఉక్కు కంటే గాలి వేల రెట్లు ఎక్కువ అడ్డు కాబట్టి పట్టు అంతగా పడిపోయింది. లోతు తగ్గించి, శీతల ద్రవం ధార పెంచి, అదే కాయిల్‌తో చేసిన తర్వాతి తాళాలు 280 దాటాయి.

ఇంత శ్రమపడి చదును చేసిన ముఖాన్ని బిగించేవారు ఒక్క నిమిషంలో వృథా చేయడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఆర్మేచర్ వెనుక రబ్బరు వాషర్ పెట్టేది, పలక కొద్దిగా కదిలి తాళం ముఖానికి తనంతట తాను సర్దుకోవడానికి. పలక వదులుగా ఉందనుకొని ఆ వాషర్ తీసేసి, మరమేకును బిర్రుగా బిగిస్తే, పలక ఒక అంచున మాత్రమే ఆనుతుంది. మేము బల్లపై చూసిన గాలి పొరే తలుపు దగ్గర మళ్లీ పుడుతుంది.