నలభై మెయిళ్లకు ఒక్క జవాబూ రాలేదు

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. జియాలజీలో ఎమ్మెస్సీ చేసి, ఐదేళ్లుగా భూగర్భజలాల కన్సల్టెన్సీలో పనిచేస్తున్నాను. మూడేళ్ల పాప ఉంది. అమెరికాలో ఎర్త్ అండ్ ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్‌లో పీహెచ్‌డీ చేయాలని నలభై మంది ప్రొఫెసర్లకు మెయిల్ పెట్టాను. ఒక్కరూ జవాబివ్వలేదు. "చేతిలో ఉద్యోగం వదులుకుని ఈ వయసులో చదువేంటి" అంటారు మా ఆయన. అత్తగారు మాట్లాడటమే మానేశారు. నాకు అంత అర్హత లేదేమోనని నాకే అనిపిస్తోంది. ఆశ వదులుకోమంటారా?

జవాబు: ఇంట్లో గొడవనూ, మెయిళ్లకు జవాబు రాకపోవడాన్నీ మీరు ఒకే ముడి వేసుకున్నారు. ముందు మెయిళ్ల సంగతి చూద్దాం, ఎందుకంటే అది బాగుచేసుకోగలిగింది.

ఈ రంగంలో సీటు మార్కుల వరుసలో రాదు. చాలా డిపార్ట్‌మెంట్లలో ఒక ప్రొఫెసర్ "ఈ విద్యార్థిని నేను తీసుకుంటాను" అంటేనే ప్రవేశాల కమిటీ ముందు మీ ఫైలుకు బలం వస్తుంది. ఆయన అలా అనాలంటే చేతిలో గ్రాంటు, అంటే పరిశోధన నిధులు ఉండాలి, లేదా డిపార్ట్‌మెంటు టీచింగ్ అసిస్టెంట్‌షిప్ (బోధనలో సాయం చేసే విద్యార్థికి ఇచ్చే జీతం) ఇవ్వాలి. అంటే మౌనానికి అర్థం చాలాసార్లు "ఈ ఏడాది డబ్బు లేదు" అనే. ఇంకో కారణం కూడా ఉంటుంది, అది కాస్త చేదు. నలభై మందికి వెళ్లిందంటే అది పేరు మార్చిన ఒకే ఉత్తరం అయి ఉంటుంది. "మీ పరిశోధన నన్ను ఎంతో ప్రభావితం చేసింది" అన్న వాక్యం దాకా రాగానే వాళ్లకు తెలిసిపోతుంది.

ఈసారి ఎనిమిది మందిని ఎంచుకోండి, పది దాటొద్దు. ఒక్కొక్కరివి గత మూడేళ్ల పేపర్లు రెండు చదవండి. ల్యాబ్ పేజీలో కొత్త విద్యార్థుల గురించి ఏం రాశారో చూడండి. "ఈ ఏడాది తీసుకోవడం లేదు" అని అక్కడే రాసి ఉంటే మెయిల్ దండగ. ఆగస్టు చివరి నుంచి అక్టోబరు మధ్యలోపు రాయండి. దరఖాస్తుల గడువులు ఎక్కువగా డిసెంబరు మొదట్లో మొదలై జనవరి మొదటి వారాల్లో ముగుస్తాయి. డిసెంబరులో ఈ రంగం వాళ్లలో చాలామంది అమెరికన్ జియోఫిజికల్ యూనియన్ సదస్సు హడావిడిలో ఉంటారు; అప్పుడు కొత్తవాళ్ల మెయిల్ తెరిచే తీరిక ఎవరికీ ఉండదు. మెయిల్ 200 మాటలు దాటకూడదు. రెండు పేజీల సీవీ జతచేయండి. చివర ఒకే ప్రశ్న: వచ్చే ఏడాదికి విద్యార్థులను తీసుకుంటున్నారా? రెండు వారాలు ఆగి ఒక్కసారి గుర్తుచేయండి. ఆ తరువాత వదిలేయండి.

మెయిల్ మధ్యలో ఏం రాయాలంటే, మీ ఐదేళ్ల పనిలోంచి ఒక ప్రశ్న. "భూగర్భజల కాలుష్యం తీవ్ర సమస్య" అని ఎవరైనా రాస్తారు. దాని బదులు ఇలా అనుకోండి: వానలయ్యాక లోతు తక్కువ బావుల్లో నైట్రేట్ పెరుగుతోంది. అది ఎరువుదా, మురుగుదా అన్నది నైట్రేట్‌లోని నైట్రోజన్, ఆక్సిజన్ ఐసోటోపులతో (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులతో) కొంతవరకు విడదీయవచ్చు. అయితే ఆక్సిజన్ తక్కువైన చోట బ్యాక్టీరియా నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చేస్తుంటే, మిగిలిన నైట్రేట్‌లో రెండు ఐసోటోపుల విలువలూ కలిసి పైకి జరుగుతాయి. అప్పుడు ఎరువు నైట్రేట్ కూడా మురుగుదానిలా కనిపిస్తుంది. ఈ చిక్కును మీరు గమనించారని నాలుగు వాక్యాల్లో తెలిస్తే చాలు, అవతలివాళ్లు ఆగి చదువుతారు. ఎందుకు చదవాలనుకుంటున్నారో దరఖాస్తుతో రాసిచ్చే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌కూ ఇదే వెన్నెముక. చిన్నప్పటి నుంచి ప్రకృతి అంటే ఇష్టమన్న పేరా తీసేయండి.

ఒక జాగ్రత్త. కన్సల్టెన్సీలో సేకరించిన డేటా మీది కాదు, క్లయింటుది. రాతపూర్వక అనుమతి లేకుండా ఆ అంకెలు దరఖాస్తులో పెట్టకండి. ఉచితంగా దొరికే డేటాతో చిన్న విశ్లేషణ చేసి చూపించండి. 2002 నుంచి 2017 దాకా గ్రేస్ ఉపగ్రహాలు (భూమి గురుత్వాకర్షణలో తేడాలు కొలిచేవి), 2018 నుంచి వాటి తరువాతి జంట గ్రేస్-ఎఫ్‌వో కొలిచిన నీటినిల్వల మార్పులు ఎవరైనా దించుకోవచ్చు. కాకపోతే వాటి చూపు కొన్ని వందల కిలోమీటర్ల స్థాయిది. పెద్ద నదీ పరీవాహకానికి పనికొస్తుంది, ఒక ఊరి బావులకు కాదు. ఇది తెలియక చేసిన గ్రాఫు మేలు కంటే చెడే ఎక్కువ చేస్తుంది.

సిఫారసు లేఖలు సాధారణంగా మూడు. ఒకటి మీ ఆఫీసు పైఅధికారి ఇవ్వచ్చు, మిగతా రెండూ మీ పరిశోధన పని చూసిన అధ్యాపకులవైతే మంచిది. "మా క్లాసులో చదివింది, మంచి మార్కులు వచ్చాయి" అన్న లేఖ ఉన్నా లేనట్టే. గడువుకు ఆరు వారాల ముందే అడగండి. మీరు చేసిన పనులు, తేదీలు, వాళ్లు గుర్తుచేసుకోవలసిన రెండు సంఘటనలు ఒక పేజీలో ఇవ్వండి. "నువ్వే రాసి తే, సంతకం పెడతాను" అంటారు కొందరు. ఒప్పుకోకండి, మూడు లేఖలూ ఒకే చేతి రాతలా ఉంటే కమిటీ ఇట్టే పట్టేస్తుంది. లేఖ అప్‌లోడ్ చేయమని దరఖాస్తు పోర్టల్ వాళ్లకు పంపే లింకు స్పామ్‌లో పడుతుంటుంది, గడువుకు వారం ముందు ఒకసారి కనుక్కోండి.

పీజీ ప్రవేశాలకు రాసే జీఆర్‌ఈ పరీక్షను చాలా జియోసైన్స్ డిపార్ట్‌మెంట్లు ఎత్తేశాయి. ఏ డిపార్ట్‌మెంటుకు ఏం కావాలో వాళ్ల పేజీలోనే చూడండి. ఇంగ్లిష్ పరీక్ష టోఫెల్ స్కోరు రెండేళ్లే చెల్లుతుంది. దరఖాస్తు ఫీజు మినహాయింపు కావాలంటే దాన్ని సమర్పించక ముందే అడగాలి.

ఐరోపాను కూడా పక్కన పెట్టకండి. అక్కడ చాలా దేశాల్లో పీహెచ్‌డీ అంటే ఉద్యోగ ప్రకటన: ప్రాజెక్టు, జీతం, గడువు ముందే రాసి ఉంటాయి, మూడు నాలుగేళ్ల కాంట్రాక్టు. ఐరోపా పరిశోధన ఉద్యోగాల వెబ్‌సైటు యూరాక్సెస్‌లో ఇవి ఏడాది పొడవునా వస్తుంటాయి. మీకు ఎమ్మెస్సీ, పని అనుభవం రెండూ ఉన్నాయి కాబట్టి అవి మీకు అమెరికా కంటే దగ్గరి దారి కావచ్చు.

ఇక ఇల్లు. మీ ఆయన "వెళ్తావా" అని అడుగుతున్నారు, మీరు దానికే జవాబు వెతుక్కుంటున్నారు. ఇప్పుడు ముందున్నది "దరఖాస్తు చేయాలా" అన్నదొక్కటే. ఉద్యోగం చేస్తూనే ఇది చేయవచ్చు. పోయేది ఒక సీజను శ్రమ, ఫీజులు. అలాగని ఆయన భయాన్ని కొట్టిపారేయకండి, అందులో నిజం ఉంది. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద మీరు వెళ్తే, కుటుంబ సభ్యులకిచ్చే ఎఫ్-2 మీద వచ్చే భర్త ఉద్యోగం చేయకూడదు. మీది జే-1 (ఎక్స్చేంజ్ విజిటర్ వీసా) అయితే, జే-2 మీద వచ్చిన కుటుంబ సభ్యులు పని అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చు. స్టైపెండు తొమ్మిది నెలలదా, పన్నెండు నెలలదా? వేసవికి ఎవరిస్తారు? ఆరోగ్య బీమా పాపకు వర్తిస్తుందా, ఆ ప్రీమియం ఎవరిది? డేకేర్ ఎంత? ఇవన్నీ ఒక కాగితం మీద ఇద్దరూ కలిసి రాయండి, ఆఫర్ వచ్చాక అంకెలు నింపండి. అమెరికాలో చాలా యూనివర్సిటీలు ఒప్పుకున్న నియమం ప్రకారం ఆర్థిక సాయంతో కూడిన ఆఫర్‌కు ఏప్రిల్ 15 దాకా జవాబు చెప్పక్కర్లేదు. ఆలోచించడానికి ఆ వ్యవధి చాలు. అత్తగారితో అంతదాకా వాదనకు దిగకండి.

ఆఫర్ చేతికొచ్చాక ఆ ల్యాబ్‌లోని ఇద్దరు విద్యార్థులతో ప్రొఫెసర్ లేకుండా మాట్లాడండి. ఎన్నేళ్లకు బయటపడుతున్నారు, మధ్యలో ఎవరైనా మానేశారా, ఫీల్డ్‌వర్క్ ఏడాదికి ఎన్ని వారాలు, ఆ తేదీలు ఎవరు నిర్ణయిస్తారు అని అడగండి. పాప గురించి ప్రొఫెసర్‌తో చెప్పేది కూడా అప్పుడే. మొదటి మెయిల్‌లో ఆ మాట రాయాల్సిన పని లేదు.