పిల్లలకు రంగారెడ్డి జిల్లా చూపించాలంటే మంద వెంట నడిపించండి

ప్రశ్న: "హైదరాబాద్ శివార్లలో, ముఖ్యంగా రంగారెడ్డి జిల్లాలో, ఈ దసరా సెలవుల్లో పిల్లలకు ప్రకృతినీ పాత పల్లె జీవితాన్నీ చూపించాలనుకుంటున్నాం. రిసార్టులు కాకుండా ఏమైనా చెప్పగలరా?"

ఒక పూట గొర్రెల మంద వెంట నడిపించండి. గండిపేట, మృగవని లాంటి పేర్లు చెబుతానని మీరు అనుకుని ఉంటారు. అవీ చెబుతాను, కానీ తర్వాత. నా దృష్టిలో ఈ జిల్లా ప్రకృతి అంటే గుట్ట, గుట్ట కింద కుంట, ఆ రెండింటి మధ్య రోజూ తిరిగే జీవాలు, వాటి వెనక గొంగడి భుజాన వేసుకుని నడిచే మనిషి. ఈ నాలుగూ ఒకచోట కనిపించే ఊళ్ళు నగరం చుట్టూ ఇంకా మిగిలాయి. మీ పిల్లలు పెద్దయ్యేసరికి మిగులుతాయని నేను అనుకోవడం లేదు.

మా అమ్మ పుట్టిల్లు చేవెళ్ల వైపు. సెలవులకు అక్కడికే వెళ్ళేవాళ్ళం. ఆ నేల మీద మట్టి పలుచన. గుట్టల చుట్టూ జానెడు తవ్వితే రాయి తగులుతుంది. ఆ రాయి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. అలాంటిచోట వరి పండదు, జొన్న కూడా అంతంత మాత్రమే. పండేది గడ్డి, ముళ్ళపొద. అందుకే గొల్ల కురుమలు ఇక్కడ ఇంతమంది ఉన్నారు, ప్రతి ఊరికీ కంచో, బంచరాయో, అంటే జీవాలు మేసే భూములు, ఉండేవి. వందల ఏళ్ళుగా ఆ భూములు ఖాళీగా లేవు. వాటిలో మేత జరిగేది. ఇప్పుడు మాత్రం ఎవరిని అడిగినా అది "ఉత్తి భూమి" అంటారు. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

కొన్నేళ్ళ కిందట ఏప్రిల్‌లో మా మేనమామ తన కంది చేనులో మంద పెట్టించాడు. ఈ పద్ధతి తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. పంట తీసిన చేనులో రాత్రిపూట గొర్రెలను పడుకోబెడతారు. పెంటికలూ మూత్రమూ నేలకు దక్కుతాయి. మర్నాటి రాత్రి పక్క జాగాలో, ఆ మర్నాడు ఇంకో జాగాలో. అలా చేను మొత్తం తిరుగుతారు. పూర్వం కాపరికి గింజలు కొలిచేవాళ్ళు, ఇప్పుడు డబ్బులూ భోజనమూ ఇస్తున్నారు. మంద పడుకున్న చేనులో ఆ ఏడు పైరు వేరే రంగులో ఉంటుంది. బస్తా ఎరువు దానికి సాటి రాదని మా మామ నమ్మకం, నా నమ్మకం కూడా.

ఆ రాత్రి మా పాపను తీసుకుని నేనూ చేనులోనే పడుకున్నాను. మంద తెచ్చింది ఊళ్ళోని కురుమ తాత, ఆయన అల్లుడు. కర్రలు పాతి, వల కట్టి, గొర్రెలను లోపలికి తోలారు. జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం తిన్నాక మా పాప అడిగింది, "తాతా, ఇన్ని ఉన్నాయి కదా, అన్నీ వచ్చాయో లేదో ఎట్లా లెక్కపెడతావు?" అని. ఆయన చుట్ట వెలిగించుకుంటూ, "లెక్కవెట్టుడెందుకు బిడ్డా, రానిదాని మొకం యాదికొస్తది" అన్నాడు. ఆ మాట విన్నాక నేను చాలాసేపు నిద్రపోలేదు. రెండు వందల పైచిలుకు జీవాలు. నాకు మా అపార్ట్‌మెంట్‌లో నా అంతస్తు వాళ్ళ మొహాలు కూడా అన్నీ గుర్తుండవు.

అర్ధరాత్రి ఒక గొర్రె గుంపు నుంచి విడిపోయి కాలితో నేల గీరుతూ, చుట్టూ తిరుగుతూ ఉంది. తాత లేచి కూర్చున్నాడు. టార్చి వేయబోతే వద్దన్నాడు. పిల్ల పడగానే దాని ముక్కు వేళ్ళతో తుడిచి, ఊపిరి అందిందో లేదో చూసి, తల్లి నోటి ముందు పెట్టాడు. అది తొలిచూలు గొర్రె. వాసన చూసి వెనక్కి తగ్గింది. ఆయన కంగారు పడలేదు. మూటలోంచి ఉప్పు తీసి పిల్ల వీపు మీద రాశాడు. తల్లి ఒకసారి నాకింది, మళ్ళీ నాకింది, ఇక వదల్లేదు. మా పాప పిల్లను ముట్టుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "నీ చేతివాసన తల్లికి కొత్త బిడ్డా, మల్ల పాలియ్యదు. పొద్దుగాల ముట్టుకుందువు గాని" అన్నాడు. పాప తెల్లారే దాకా ఆ మాట మీద నిలబడింది.

తెల్లవారుజామున వాన వచ్చింది. ఏప్రిల్ వాన ఎలా ఉంటుందో తెలుసు కదా, ముందు గాలి, తర్వాత ఒక్కసారిగా పెద్ద చినుకులు. గొర్రెలన్నీ తలలు లోపలికి పెట్టి ముద్దగా దగ్గరయ్యాయి. తాత గొంగడిని తల మీదుగా కప్పుకుని, పుట్టిన పిల్లను లోపల పెట్టుకుని, మా పాపను కూడా లోపలికి లాగాడు. నేను రెయిన్‌కోటు వేసుకుని కూడా తడిశాను. వాళ్ళు ముగ్గురూ తడవలేదు. ఆ గొంగడి దక్కను గొర్రె ఉన్నితో నేసింది. ముతకగా, గరుగ్గా ఉంటుంది, చింతగింజల గంజి పట్టించి గట్టి చేస్తారు. చినుకు దాని మీద పడి జారిపోతుందే తప్ప లోపలికి దిగదు. చలికి దుప్పటి, ఎండకు నీడ, గింజలు ఆరబోసుకోవడానికి పరుపు, అన్నీ అదే.

ఇక్కడ ఒక బాధ చెప్పుకోవాలి. ఆ మందలో నల్ల దక్కను గొర్రెలు నాలుగో వంతు కూడా లేవు. మిగిలినవన్నీ ఉన్ని లేని, పొడుగు కాళ్ళ నెల్లూరు రకం. మాంసం బరువు ఎక్కువ వస్తుందని అందరూ అటే వెళ్ళారు. ఉన్ని అమ్మితే కత్తిరించినవాడి కూలి కూడా రావడం లేదని తాత అన్నాడు. 2017లో ప్రభుత్వం గొల్ల కురుమలకు 75 శాతం సబ్సిడీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చింది. ఆ గొర్రెలను పక్క రాష్ట్రాల నుంచి కొనుక్కొచ్చారు. 2019 పశుగణనలో దాదాపు 1.9 కోట్ల గొర్రెలతో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది. సంతోషమే. కానీ ఆ గొర్రెలు ఎక్కడ మేయాలి? జీవాలను ఇచ్చిన చేత్తోనే బంచరాయిని కూడా కాపాడి ఉంటే ఆ పథకాన్ని నేను నెత్తిన పెట్టుకునేవాణ్ణి. ఈ రాతినేలలో, ఈ ఎండల్లో, మైళ్ళకు మైళ్ళు నడిచి, దొరికింది తిని బతికే జాతి దక్కను గొర్రె. అది పోతే గొంగడి నేసేవాళ్ళూ పోతారు, మళ్ళీ తెచ్చుకోలేం.

పొద్దున్నే తాత వెంట గుట్టకు వెళ్ళాం. ఆయన చూపించకపోతే నాకు ఆ గుట్ట మీద ముళ్ళు తప్ప ఏమీ కనిపించేది కాదు. ఇది పరికి, ఇది బలుసు, ఇది గొర్రె తింటుంది, ఇది మేక మాత్రమే తింటుంది, తంగేడును రెండూ ముట్టవు అని చెబుతూ నడిచాడు. తుమ్మచెట్టు కింద ఆగి కర్రతో కొమ్మ దులిపితే ఎండు కాయలు రాలాయి, గొర్రెలు ఎగబడి తిన్నాయి. బండల మీది గుంటల్లో రాత్రి వాననీళ్ళు నిలిచి ఉన్నాయి, వాటిని తాగాయి. ఒకచోట తీతువు పిట్ట అరుస్తూ మా తలల మీద తిరిగింది. నేల మీద, రాళ్ళ మధ్యలో దాని గుడ్లు ఉన్నాయి. రాయికీ గుడ్డుకీ తేడా తెలియదు. తాత ముందే చూశాడు. నాలుక మడిచి ఒక కూత పెడితే మంద మొత్తం పక్కకు వంగి, ఆ జాగా వదిలి పోయింది. జీవాలు తిరిగితే ప్రకృతి పాడవుతుందని వాదించేవాళ్ళను నేను ఆ గుట్ట మీదికి తీసుకెళ్ళాలనుకుంటాను. మేత ఉన్న చోటే గడ్డినేల గడ్డినేలగా మిగిలింది. మేత ఆగిన చోట ముందు చెత్త, తర్వాత హద్దురాళ్ళు, ఆ తర్వాత వెంచర్ బోర్డు వచ్చాయి.

గుట్ట దిగి కుంటకు పోవాలంటే పాత బాట ఉండేది. ఆ బాట మీద ఎవరిదో ఫాంహౌస్ గోడ లేచింది. జీవాలను రోడ్డు మీదుగా, టిప్పర్ల మధ్య నుంచి తోలుకుపోవాల్సి వచ్చింది. ఒక కారాయన హారన్ కొడుతూనే ఉన్నాడు. తాత ఆయన్ని ఏమీ అనలేదు. నాతో మాత్రం, "గుట్టకు గోడ వెట్టిన్రు, నీళ్ళకు గేటు వెట్టిన్రు. ఇంక జీవాలు యాడికి పోవాలె?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

1908 మూసీ వరద తర్వాత కట్టిన గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువులను కాపాడటానికి 1996లో జీవో 111 తెచ్చారు. చెరువుల చుట్టూ 10 కిలోమీటర్ల మేర 84 ఊళ్ళలో కట్టడాల మీద ఆంక్షలు పెట్టారు. అది నీళ్ళ కోసం తెచ్చిన జీవో. కానీ మందలకు కూడా మేలు చేసింది. మొయినాబాద్, శంషాబాద్ వైపు ఇంకా పొలాలు, గుట్టలు మిగిలి ఉన్నాయంటే దాని పుణ్యమే అని నేను గట్టిగా చెబుతాను. 2022లో జీవో 69 తెచ్చి ఆ ఆంక్షలను తీసేస్తున్నామన్నారు. 2025లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లో బుల్డోజర్లు దిగితే విద్యార్థులు అడ్డుపడ్డారు, సుప్రీంకోర్టు పని ఆపించింది. అప్పుడు అందరూ నెమళ్ళ గురించి, జింకల గురించి మాట్లాడారు. ఆ కంచల్లో ఒకప్పుడు ఎవరి జీవాలు మేసేవో మాట్లాడినవాళ్ళు తక్కువ.

ఇక మీరు అడిగిన చోట్లు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డు, దాని పక్కన దాదాపు 900 మర్రిచెట్లు. నిజాం కాలం నాటివి. రోడ్డు వెడల్పు చేయడానికి వీటిని కొట్టేస్తారని కొందరు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళి పోరాడారు. ఒక చెట్టు కింద ఆగి, ఊడలను పిల్లల చేత ముట్టించండి. బండి మాత్రం రోడ్డుకు బాగా దూరంగా ఆపండి, అక్కడ ప్రమాదాలు ఎక్కువ. చిలుకూరు దగ్గర మృగవని జాతీయ పార్కు ఉంది. వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలిలో కృష్ణజింకలు ఉన్నాయి. ఒకప్పుడు అది నిజాముల వేటస్థలం. జింకను పొద్దున్న చూపిస్తే బాగా కనిపిస్తుంది, మధ్యాహ్నం వెళ్ళి లాభం లేదు. అనంతగిరి కొండలు ఇప్పుడు వికారాబాద్ జిల్లాలో ఉన్నాయి, 2016 దాకా అవి కూడా రంగారెడ్డి జిల్లావే. మూసీ అక్కడే పుడుతుంది. చెత్త వేసేవాళ్ళు ఎక్కువైపోయారు కాబట్టి ఆదివారం వెళ్ళవద్దు.

"విలేజ్ థీమ్" అని బోర్డు పెట్టిన చోట్లకు దయచేసి వెళ్ళకండి. అలాంటి ఒకచోట మా పాప క్లాసు పిల్లలను తీసుకెళ్ళారు. రెండు గొర్రెపిల్లలను ఎండలో తాడుతో కట్టేసి, ఫోటోకు ఇంత అని వసూలు చేశారు. పిల్లలు వాటికి బిస్కెట్లు తినిపించారు. అడ్డమైనవీ తింటే జీవాలకు కడుపు ఉబ్బుతుందని అక్కడ చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

మందను చూడటానికి టికెట్టు ఉండదు. చేవెళ్ల, షాబాద్, మొయినాబాద్, కందుకూరు, యాచారం వైపు ఏ ఊరికైనా వెళ్ళి పంచాయతీ దగ్గర కురుమ సంఘం పెద్ద ఎవరని అడగండి. చాలా ఊళ్ళలో గొర్రెల పెంపకందారుల సహకార సంఘాలు ఉంటాయి. మంద మేతకు బయల్దేరే పొద్దున, లేదా తిరిగొచ్చే సాయంత్రం వెళ్ళండి. కుక్కను తీసుకెళ్ళకండి. ఫోటోకు ముందు అడగండి. సగం రోజు మీ పిల్లలకు నేర్పిన మనిషికి ఆ రోజు కూలి ఇవ్వండి, టీ తాగించి పంపేయకండి. మీకు గొంగడి కావాలంటే ఎవరు నేస్తారో ఆయన్నే అడిగి, నేసినవాళ్ళ ఇంటికి వెళ్ళి కొనుక్కోండి. అంగట్లో మిల్లు కంబళ్ళను కూడా గొంగళ్ళని అమ్ముతున్నారు.

దసరా మంచి సమయం. గుట్టల మీద గడ్డి నడుం దాకా ఉంటుంది, తంగేడు, గునుగు పూసి ఉంటాయి, బతుకమ్మకు కోసుకునేవాళ్ళు కనిపిస్తారు. గుట్టల సీతాఫలాలను ఆడవాళ్ళు గంపల్లో తెచ్చి మన్నెగూడ రోడ్డు పక్కన అమ్ముతుంటారు, బేరం ఆడకుండా కొనండి. మంద పెట్టడం మాత్రం పంటలు తీశాకే, చేలు ఖాళీ అయ్యే వేసవిలోనే. రాత్రి చేనులో పడుకోవాలని పిల్లలకు ఉంటే ఏప్రిల్‌లో మళ్ళీ రండి. మా మామ ఈసారి కూడా పెట్టిస్తానన్నాడు.