విండ్‌హోక్ నుంచి విక్టోరియా జలపాతం దాకా ట్రక్కులో: ఏ లెన్స్, ఎక్కడ బస, ఎటువైపు సీటు

ఆగస్టులో నమీబియా రాజధాని విండ్‌హోక్‌లో ట్రక్కెక్కి సోసస్‌వ్లే ఇసుక దిబ్బలు, ఎటోషా పార్కు, బోట్స్వానాలోని చోబే మీదుగా విక్టోరియా జలపాతం దాకా వెళ్తున్నానన్నారు. చేతిలో ఒక క్రాప్ సెన్సర్ (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) కెమెరా, 18-135 మి.మీ. లెన్స్ ఉన్నాయి, ఇంకో 150-600 కొనాలా అని అడిగారు. లెన్స్ సంగతి తర్వాత చూద్దాం. ముందు టూర్ వాళ్లను రెండు విషయాలు అడగండి. సోసస్‌వ్లేకు వెళ్లే గేటున్న సెస్రియంలో బస పార్కు గేటు లోపలా, బయటా? ఎటోషాలో ఒక రాత్రైనా ఒకాకుయో క్యాంపులో ఉంటారా? మీ ఫోటోలు లెన్స్ కంటే ఈ రెండు జవాబుల మీదే ఎక్కువ ఆధారపడతాయి.

సెస్రియంలో బయటి గేటు సూర్యోదయానికి తెరుస్తారు. లోపలి క్యాంప్‌సైట్‌లో పడుకున్నవాళ్లను మాత్రం గంట ముందే వదులుతారు. అక్కడి నుంచి 60 కిలోమీటర్లు తారు రోడ్డు. చివరి 5 కిలోమీటర్ల ఇసుకలో ట్రక్కు పోదు, ఫోర్ వీల్ డ్రైవ్ షటిల్ ఎక్కాలి. ఆ పైన ఎండిన చెట్లున్న తెల్లటి నేల డెడ్‌వ్లే దాకా ఇసుకలో దాదాపు కిలోమీటరు నడక. వెనక దిబ్బ ఎర్రగా వెలుగుతూ, ముందు తెల్లటి నేల, ఎండిన చెట్లు ఇంకా నీడలోనే ఉండే ఫోటో పొద్దు పొడిచాక కాసేపే దొరుకుతుంది. బయట బస చేస్తే మీరు చేరేసరికి ఎండ నేల మీదికి దిగిపోతుంది. నమీబియా పడమటి వైపున ఆగస్టు నడుమ సూర్యోదయం ఏడుంబావు దాటాకే. తూర్పున చోబే దగ్గరా గడియారం అదే, కానీ పొద్దు ముప్పావు గంట ముందే పొడుస్తుంది. అలారం మార్చుకోండి.

డెడ్‌వ్లేలో వైడ్ లెన్స్‌తో చెట్టు దగ్గరికి వెళ్తే ఆకాశం ఎక్కువొచ్చి ఫోటో పలచబడుతుంది. వెనక్కి తగ్గి, 18-135ను 100 దాటించి, చెట్ల వెనకంతా దిబ్బే నిండేలా పెట్టండి. అపర్చర్ ఎఫ్ 11 చాలు. ఎక్స్‌పోజర్ (ఫోటోకు అందే వెలుగు) వెలుగుతున్న దిబ్బకు కొలవండి, చెట్లు నల్లగా పడితే పడనివ్వండి. ఒక కొమ్మ ఇంకో కొమ్మ మీద పడకుండా రెండడుగులు అటూ ఇటూ జరిగి చూసుకోవాలి. అవి ఆరేడు వందల ఏళ్ల క్రితం చచ్చిపోయిన క్యామెల్ థార్న్ చెట్లు. పొడి గాలికి కుళ్లకుండా నిలబడి ఉన్నాయి. వాటిని ముట్టుకోవద్దు, ఆనుకోవద్దు.

మనవాళ్లు తరచూ తడబడే విషయం సూర్యుడి దారి. అక్కడ ఆగస్టులో సూర్యుడు ఈశాన్యాన పొడిచి, ఉత్తరం మీదుగా నడిచి, వాయవ్యాన కుంకుతాడు. మధ్యాహ్నం నీడలు దక్షిణానికి పడతాయి. ఎటోషాలో ఒకాకుయో నుంచి తూర్పుగా నముతోనికి వెళ్లే ప్రధాన దారి ఉప్పు మైదానానికి దక్షిణంగా సాగుతుంది. అంటే ఎడమ కిటికీలోంచి మైదానం వైపు చూస్తే ఎండ ఎదురు, కుడి వైపు జంతువుల మీద నేరుగా ఎండ. మామూలు ఫోటోలకు కుడి సీటు మంచిది. జీబ్రాల మంద రేపిన దుమ్ము మెరుస్తూ కావాలంటే ఎడమ సీటు, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తక్కువ, అంటే వెలుగు సగానికి. చోబేలో నది మీంచి దక్షిణపు ఒడ్డు, అంటే బోట్స్వానా వైపు చూస్తే ఎండ మీ వెనకే ఉంటుంది. ఏనుగులు నీటికొచ్చే ఒడ్డు అదే. పడవలో కూర్చుంటే కెమెరా వాటి కంటి ఎత్తుకు దిగుతుంది, ట్రక్కు కిటికీలోంచి ఆ కోణం రాదు. డబ్బు ఎక్కడైనా ఎక్కువ పెట్టగలిగితే రెండోసారి పడవెక్కడానికి పెట్టండి.

ఇక లెన్స్. నా సలహా 150-600 కాదు, 100-400. మీ క్రాప్ సెన్సర్ మీద 400 అంటే ఫుల్‌ఫ్రేమ్‌లో దాదాపు 600 అంత దగ్గరగా కనిపిస్తుంది. 150-600 రెండు కిలోల దాకా తూగుతుంది, పదిమంది కూర్చున్న ట్రక్కు కిటికీలో తిప్పడం కష్టం. మిగిలిన డబ్బుతో రెండో కెమెరా బాడీ అద్దెకు తీసుకోండి. నమీబ్ దుమ్ములో లెన్స్ మార్చకుండా ఉండటానికి అంతకంటే మంచి దారి లేదు. మార్చక తప్పకపోతే కెమెరా ఆపేసి, శుభ్రమైన దిండు గలీబులో చేతులు పెట్టి, బాడీ మూతి కిందికి ఉంచి మార్చండి. రోజూ సాయంత్రం ఎఫ్ 16లో ఖాళీ ఆకాశాన్ని ఒక ఫోటో తీసి చూస్తే సెన్సర్ మీద మచ్చలు బయటపడతాయి. ముందు రబ్బరు బ్లోయర్ వాడండి, పోకపోతేనే తడి స్వాబ్. నోటితో ఊదితే తుంపర పడుతుంది.

ట్రక్కులో ట్రైపాడ్ పనికిరాదు, లెన్స్ ఆనించుకునే బీన్ బ్యాగ్ కావాలి. ఇక్కడి నుంచి ఖాళీ సంచి తీసుకెళ్లి, విండ్‌హోక్‌లో రెండు కిలోల బియ్యం కొని, ప్లాస్టిక్ కవర్లో కట్టి నింపండి. ఇంజన్ ఆపమని డ్రైవర్‌ను అడగండి. పక్కవాళ్లు కదిలినా బండి ఊగుతుంది కాబట్టి ఐఎస్‌ఓ (సెన్సర్ వెలుగుకు స్పందించే స్థాయి) ఆటోలో పెట్టి, షట్టర్ వేగం 1/1000 సెకనుకు తగ్గకుండా చూసుకోండి. ఎగిరే పక్షులకు 1/2000. తెల్లటి ఎటోషా నేలను చూసి కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ మోసపోతుంది, ఫోటో బూడిద రంగులో వస్తుంది. ఎక్స్‌పోజర్ 0.7 నుంచి 1.3 స్టాప్ పెంచండి. ఫ్రేమంతా ఏనుగో దున్నపోతో నిండితే 0.7 తగ్గించండి.

ఉదయం పది దాటాక దూరపు జంతువులు మసగ్గా వస్తే లెన్స్‌ను అనుమానించకండి. నేల నుంచి లేచే వేడిగాలి అలల పని అది. షట్టర్ పెంచినా పోదు, దగ్గరికి వెళ్లడమొక్కటే మార్గం. ఏసీ బండిలో అద్దం దించి వెంటనే తీసినా ఇలాగే జరుగుతుంది. ఏసీ ఆపి కొన్ని నిమిషాలు ఆగండి.

ఒకాకుయో నీటిగుంటకు రాత్రంతా ఫ్లడ్‌లైట్లు ఉంటాయి, నల్ల ఖడ్గమృగాలు నీళ్లకొస్తాయి. ఇక్కడ ట్రైపాడ్ కావాలి. ఖడ్గమృగం నీళ్లు తాగుతూ కదలకుండా నిలబడ్డప్పుడు ఐఎస్‌ఓ 6400, షట్టర్ 1/30 దగ్గర మొదలుపెట్టి, వరసగా ఐదారు తీస్తే ఒకటి నిలుస్తుంది. రా (RAW) ఫార్మాట్‌లో తీస్తే పసుపు వెలుగు తర్వాత సరిచేసుకోవచ్చు. ఫ్లాష్ వద్దు, షట్టర్ చప్పుడు ఆపేయండి. ఖడ్గమృగం ఫోటో పెట్టేముందు లొకేషన్ సమాచారం తీసేయండి, ఫోన్ ఫోటోల్లో కూడా. వేటగాళ్లకు ఆధారం ఇవ్వకూడదు.

విక్టోరియా జలపాతం దగ్గర తుంపరకు నాలుగు పొడి మైక్రోఫైబర్ గుడ్డలు ఉంచుకోండి. పోలరైజర్ ఫిల్టర్ పెడితే తిప్పి చూసుకోండి, ఒక కోణంలో అది ఇంద్రధనుస్సునే మాయం చేస్తుంది.

ఛార్జింగ్‌కు ఖరీదైన అడాప్టర్ అక్కర్లేదు. నమీబియాలో వాడేది మన ఇళ్లలో గీజర్‌కు పెట్టే పెద్ద మూడు పిన్నుల ప్లగ్ లాంటిదే. 16 ఆంప్స్ ప్లగ్‌ను చిన్న సాకెట్‌గా మార్చే కన్వర్టర్ మన ఎలక్ట్రికల్ షాపులో దొరుకుతుంది. విక్టోరియా ఫాల్స్ ఊళ్లో మూడు చదరపు పిన్నుల సాకెట్లూ ఉంటాయి కాబట్టి దానికొకటి. క్యాంపుల్లో సాకెట్ల కోసం వరస కట్టాల్సి వస్తుంది, మూడు బ్యాటరీలు, ఒక కారు ఛార్జర్ తీసుకెళ్లండి. విడి బ్యాటరీలు విమానంలో చేతిసంచిలోనే పెట్టాలి. డ్రోన్ ఇంట్లో వదిలేయండి, నేషనల్ పార్కుల్లో నిషేధం. సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర కెమెరా బయటికి తీయకండి. బయల్దేరేటప్పుడు మన విమానాశ్రయం కస్టమ్స్ దగ్గర కెమెరా, లెన్సుల సీరియల్ నంబర్లతో ఎగుమతి సర్టిఫికెట్ రాయించుకుంటే, తిరిగొచ్చినప్పుడు సుంకం గొడవ ఉండదు.